అల్లరి పోనీ మీద పిల్లలకు స్వారీ నేర్పించడం మంచిదేనా?

ప్రశ్న: లీడ్స్‌లో ఉంటున్న ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఊరి చివర ఉన్న ఒక రైడింగ్ స్కూల్‌లో వారానికొకసారి గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. మొదట్లో వయసు మళ్ళిన, చాలా నెమ్మదైన పోనీని, అంటే చిన్న జాతి గుర్రాన్ని, ఇచ్చేవారు. ఈ మధ్య దానికి బదులు వెల్ష్ జాతి పోనీని ఇస్తున్నారు. చూడటానికి ముద్దుగా ఉంటుంది కాని, దాని అల్లరి గురించి ఆ లాయంలో తెలియని వాళ్ళు లేరు. గేటు దగ్గరికి వచ్చేసరికి మొండికేసి నిలబడిపోతుంది. మిగిలిన పోనీలు అటు తిరిగితే ఇది కూడా వాటి వెంట వెళ్ళిపోతుంది. గడ్డి కనిపిస్తే తల ఒక్కసారిగా కిందికి దించేస్తుంది. మొన్నటి తరగతిలో అలా తల దించినప్పుడు మా అమ్మాయి దాని మెడ మీదుగా జారి ముందుకు పడింది. కింద ఇసుక కాబట్టి దెబ్బలేమీ తగలలేదు, హెల్మెట్ మాత్రం గేటు పక్కనున్న కర్రకు తగిలింది.

శిక్షకురాలు తేలికగా తీసుకుని, అల్లరి పోనీ మీద నేర్చుకున్న పిల్లలే మంచి రౌతులవుతారని అన్నారు. పక్కనున్న ఇంగ్లీషు తల్లిదండ్రులు కూడా అవునన్నట్టు తలలూపారు. మా ఇంట్లో గుర్రమెక్కిన వాళ్ళెవరూ లేరు. మాకు తెలిసిన గుర్రాలు పెళ్ళి ఊరేగింపులోనివి, విశాఖ బీచ్‌లో పిల్లలను ఎక్కించి తిప్పేవి, అంతే. మావారు మాన్పించేద్దామంటున్నారు, అమ్మాయి మాత్రం ఆ పోనీనే కావాలంటోంది. ఆ మాటలో నిజమెంత? అల్లరికి, ప్రమాదానికి మధ్య తేడాను మాలాంటి వాళ్ళు ఎలా గుర్తుపట్టాలి? అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు: హ్యాంప్‌షైర్‌లో స్వారీ నేర్పే ఒక తెలుగు శిక్షకురాలు

నమస్కారం అమ్మా. ఆ మాట ఈ దేశంలో ప్రతి లాయంలోనూ వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది, కాని దాన్ని ఏ దశలో ఉన్న బిడ్డకు చెబుతున్నామన్నదే అసలు విషయం.

ముందు, పోనీలకు అల్లరివన్న పేరు ఎందుకు వచ్చిందో చూడండి. బ్రిటన్ స్వదేశీ పోనీలు ఒడ్డూ పొడుగులో చిన్నవే కాని బలంలో చిన్నవి కావు. షెట్లాండ్ పోనీ ఎత్తు 107 సెంటీమీటర్లు మించకూడదని జాతి ప్రమాణం. ఆడవాళ్ళను, పదేళ్ళలోపు మగపిల్లలను భూగర్భంలో పనికి దించకూడదని 1842లో చట్టం వచ్చాక బొగ్గు గనుల్లో బండ్లు లాగడానికి ఇలాంటి చిన్న పోనీలను విరివిగా దించారు. అంతటి బలమున్న జంతువును ఇరవై ఐదు కిలోల పిల్ల చేతుల బలంతో ఆపలేదు. పెద్ద గుర్రం పెడసరంగా ఉంటే అనుభవమున్న రౌతు ఎక్కి దారికి తెస్తాడు. గుర్రం మోసే బరువు దాని సొంత బరువులో అయిదో వంతు మించకూడదని సాధారణంగా పాటిస్తారు, కాబట్టి రెండు వందల కిలోల షెట్లాండ్ మీద ఏ శిక్షకుడూ కూర్చోలేడు. దాని మీద ఎక్కేదంతా నేర్చుకుంటున్న పిల్లలే. అంటే ఆ పోనీని దిద్దవలసినవాళ్ళూ ఆ పిల్లలే. చిన్న పోనీల్లో అల్లరివి ఎక్కువగా కనిపించడానికి ఇదే పెద్ద కారణమని నేను నమ్ముతాను. అది వాటి పుట్టుబుద్ధి కాదు.

ఇక అల్లరి ఎలా అలవాటవుతుందో గమనించండి. గుర్రానికి నేర్పే పద్ధతంతా ఒత్తిడి పెట్టి, అది సరిగా స్పందించిన క్షణంలో ఆ ఒత్తిడిని తీసేయడం మీదే నడుస్తుంది. పిక్కలతో నొక్కితే ముందుకు కదలాలి, కదలగానే పిక్క వదులు కావాలి. గేటు దగ్గర ఆగిపోయిన పోనీ మీద పిల్ల భయపడి నొక్కడం మానేసినా, కిందికి దిగిపోయినా, ఆగితే పని తప్పుతుందని అది నేర్చుకుంటుంది. మరుసటి వారం మరో పిల్ల ఎక్కినప్పుడు అదే పాఠం మరింత గట్టిపడుతుంది. పోనీ చెడ్డదని దాన్ని తిట్టడంలో అర్థం లేదు, మనం నేర్పినదే అది మనకు అప్పజెబుతోంది.

మీ అమ్మాయి పడిన తీరు మాకు చాలా పరిచితం. పోనీ తల దించగానే పగ్గాలు ముందుకు లాక్కుపోతాయి, పగ్గాలతోపాటు చేతులు, చేతులతోపాటు భుజాలు. అప్పటిదాకా ఎదురుగా ఉన్న మెడ ఒక్కసారిగా లేకుండా పోతుంది, పిల్ల ఆనుకోవడానికి ముందు ఏమీ ఉండదు. అప్పుడు పగ్గాలు పట్టి పైకి గుంజడం దండగ, ఎందుకంటే లాగుడు పోటీలో పోనీదే గెలుపు. తల దించబోయే ముందు దాని నడక కొద్దిగా మందగిస్తుంది, ఒక చెవి గడ్డి వైపు తిరుగుతుంది. ఆ క్షణంలోనే పిక్కలతో గట్టిగా ముందుకు తోలాలి. అది చేతకానంత వరకు గ్రాస్ రెయిన్స్ వాడమని అడగండి. కళ్ళెం నుంచి జీను ముందరి కొక్కేనికి కట్టే సన్నని పట్టీలవి. తలను మామూలుగా కదలనిస్తాయి కాని నేల దాకా దించనివ్వవు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేతులతో పగ్గాలను ఊతగా పట్టుకోకుండా, నడుము బలం మీద నిలకడగా కూర్చోవడం వచ్చేదాకా ఏ బిడ్డకూ అల్లరి పోనీని ఇవ్వకూడదు. ఈ నిలకడ నేర్పడానికి మేము పొడవాటి లంజ్ తాడుతో పోనీని గుండ్రంగా తిప్పుతూ, పిల్ల చేత పగ్గాలు వదిలించి, చేతులు చాపి కూర్చోబెడతాం. మీ అమ్మాయి ట్రాట్‌లో, అంటే నెమ్మదైన పరుగులో, అలా కూర్చోగలదో లేదో ఒకసారి చూపించమనండి. కూర్చోగలిగితే గడ్డి కోసం తల దించే పోనీ, బద్ధకించే పోనీ ఆమెకు చాలా నేర్పుతాయి. వెనక కాళ్ళు ఎగరేసేది, ముందు కాళ్ళెత్తి నిలువుగా లేచేది, చెప్పకుండా దౌడు తీసేది మాత్రం అల్లరి కిందికి రావు. ముఖ్యంగా నిలువుగా లేచే పోనీ వెనక్కి పడి రౌతును కింద నలిపేయగలదు. అలాంటి దాని మీద పిల్లలను ఎక్కించడానికి ఏ కారణమూ సరిపోదు.

జవాబు: గుర్రాలకు వైద్యం చేసే ఒక పశువైద్యుడు

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక ముఖ్యమైన మాట చేర్చాలి. అల్లరి అని పేరు పెట్టే ముందు నొప్పి లేదని తేల్చుకోవాలి. గుర్రం వేటాడే జంతువులకు ఆహారమయ్యే జాతి. నొప్పిని బయటికి కనబడనివ్వకపోవడం దానికి సహజం, అందుకే దాని బాధ మనకు మొండితనంగా కనిపిస్తుంది. గుర్రాల వైద్య నిపుణురాలు డాక్టర్ స్యూ డైసన్ తన బృందంతో కలిసి, రౌతు ఎక్కినప్పుడు గుర్రం చూపే 24 ప్రవర్తనల జాబితాను 2018లో ప్రచురించారు. చెవులు వెనక్కి వాల్చి అలాగే ఉంచడం, తోక విసరడం, నోరు తెరవడం, ముందుకు కదలనని మొరాయించడం వంటివి అందులో ఉన్నాయి. వాటిలో ఎనిమిది గాని అంతకు మించి గాని కనిపిస్తే ఎముకలలోనో కండరాలలోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువని ఆ పరిశోధన చెబుతుంది. ఈ చిహ్నాలను చాలా మంది యజమానులు గుర్రం స్వభావం కింద జమకట్టేస్తారు.

పోనీల విషయంలో మొదట చూడవలసింది జీను. చాలా పోనీలకు పీపాల్లాంటి గుండ్రటి ఒళ్ళు ఉంటుంది. వేసవిలో లావెక్కి, చలికాలంలో చిక్కే ఒంటికి ఏడాది పొడవునా ఒకే జీను అమరదు. ముందుకు జారిన జీను భుజం దగ్గర నొక్కుతుంటే అది ముందుకు నడవనంటే తప్పేముంది? తరువాత పళ్ళు. అంచులు పదునెక్కి బుగ్గను లోపలి నుంచి కోస్తుంటే కళ్ళెం తగిలినప్పుడల్లా తల విదిలిస్తుంది. ఏడాదికొకసారైనా పళ్ళు చూపించి అరగదీయించాలి. మూడవది, వసంతకాలపు గడ్డి. చక్కెరలు ఎక్కువగా ఉండే ఆ గడ్డి పోనీలకు పడదు. దానివల్ల గిట్టల లోపల వాపు వచ్చే లామినైటిస్ అనే జబ్బు వస్తుంది. గట్టి నేల మీద ఆచితూచి అడుగేసే పోనీని బద్ధకస్తురాలని కొడితే అది ఘోరం.

తల్లిగా మీరు గమనించగలిగినవి ఉన్నాయి. ఈ అల్లరి ఎప్పటినుంచో ఉందా, హఠాత్తుగా మొదలైందా? జీనును పోనీ కడుపు కింద కట్టే పట్టీ బిగిస్తున్నప్పుడు తల తిప్పి కొరకబోతోందా? ఎవరు ఎక్కినా ఒకే తీరా, మీ అమ్మాయి ఎక్కినప్పుడే ఇలా చేస్తోందా? హఠాత్తుగా మొదలైతే, పట్టీ బిగించినప్పుడు కనిపిస్తే, ముందు పశువైద్యుడిని పిలవాలి. ఇంగ్లండులో గుర్రాలను అద్దెకిచ్చే స్కూళ్ళు 2018 నిబంధనల ప్రకారం స్థానిక కౌన్సిల్ లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సు అందరికీ కనబడేలా పెట్టాలి కూడా. జీను ఎప్పుడు సరిచూశారు, పళ్ళు ఎప్పుడు చూపించారు అని అడిగితే మంచి స్కూలు నొచ్చుకోదు.

జవాబు: చెషైర్‌లో ఉంటున్న ఒక తండ్రి

శిక్షకురాలి గారితో ఒక్క చోట విభేదిస్తాను. నడుము నిలకడ వచ్చేదాకా ఆగాలన్నారు. మా పెద్దమ్మాయికి ఆ నిలకడ వచ్చిందే ఒక పెంకి షెట్లాండ్ మీద. చెప్పిన మాట ఒక పట్టాన వినని జంతువు కాబట్టే తాను ఎక్కడ తప్పు చేస్తోందో ఆమె వెతుక్కుంది. ఎంత కాలు వాడితే కదులుతుందో, ఎక్కడ చెయ్యి బిగుసుకుంటే ఆగుతుందో, చెవులు ఎటు తిరిగితే ఏం చేయబోతోందో ఆ వయసులోనే పసిగట్టింది. నెమ్మదైన పోనీ ముందున్న పోనీ తోకను చూసుకుంటూ నడిచిపోతుంది, పైనున్న పిల్ల తానే నడిపించాననుకుంటుంది. ఇంటి దగ్గర కోపం ఆపుకోలేని పిల్ల లాయంలో ఓపిక పట్టడం నేను కళ్ళారా చూశాను.

అయితే అదే పోనీ మా చిన్నమ్మాయిని స్వారీకే దూరం చేసింది. ఆమెకు దెబ్బేమీ తగలలేదు. వరసగా ప్రతి తరగతిలోనూ పోనీ తన మాట వినకపోయేసరికి, తనకు చేతకాదని మనసులో పడిపోయింది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, పోనీ ఒకటే, స్కూలూ ఒకటే. అందుకని పోనీ స్వభావంతోపాటు బిడ్డ స్వభావాన్ని కూడా తూకం వేయండి. పడిన తరువాత కూడా మీ అమ్మాయి ఆ పోనీనే కావాలంటోందన్న మాటకు నేనైతే చాలా విలువ ఇస్తాను. అయితే ఆ పట్టుదల వెనక భయం దాగి ఉందేమో చూడండి. తరగతికి బయలుదేరే ముందు కడుపునొప్పి అంటోందా, కారులో మౌనంగా ఉంటోందా అన్నది అమ్మకు తెలియకుండా పోదు.

జవాబు: హైదరాబాద్‌లో స్వారీ నేర్చుకున్న ఒకరు

మీ చర్చ చదువుతుంటే మీకు పోనీలు దొరకడమే అదృష్టమనిపిస్తోంది. ఇక్కడ నేను నేర్చుకున్న చోట చాలా గుర్రాలు పందాలు మానిపించిన థరోబ్రెడ్ జాతివి. గుర్రాల ఎత్తును చేతుల్లో కొలుస్తారు, ఒక చెయ్యి అంటే నాలుగు అంగుళాలు. పదహారు చేతుల గుర్రం భుజం దగ్గర దాదాపు 163 సెంటీమీటర్లు ఉంటుంది, పన్నెండు చేతుల వెల్ష్ పోనీ 122 సెంటీమీటర్లే. మీ అమ్మాయి పడిన ఎత్తుకూ ఇక్కడి పిల్లలు పడే ఎత్తుకూ ఎంత తేడా ఉందో చూడండి. పైగా పందెపు గుర్రానికి పగ్గాలు బిగించి పట్టుకోవడమంటే పరుగుకు సిద్ధం కమ్మన్న సైగ. భయపడిన పిల్లవాడు ఆపడానికి గట్టిగా లాగితే అది ఇంకా వేగం పెంచవచ్చు. దాన్ని కూడా అల్లరి గుర్రమనే అంటారు, కాని అది తనకు చిన్నప్పుడు నేర్పిన పని చేస్తోంది, అంతే. గడ్డి కోసం తల దించే పోనీని, ఇలాంటి గుర్రాన్ని ఒకే మాటతో పిలవడం వల్లే తల్లిదండ్రులు మోసపోతారు. మీకు దొరికినది మొదటి రకం, కింద ఇసుక, పక్కన శిక్షకురాలు. వాటిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించుకోండి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని స్కూలుకు వెళ్ళి అడిగాను. పోనీ పళ్ళు ఇటీవలే చూపించారట. జీను మాత్రం చలికాలం తరువాత సరిచూడలేదని, వెంటనే చూపిస్తామని చెప్పారు. పట్టీ బిగించేటప్పుడు దగ్గరే నిలబడి చూశాను. చెవులు కదిలించలేదు, కళ్ళు సగం మూసుకుని నిలబడింది. గ్రాస్ రెయిన్స్ కట్టడానికి ఒప్పుకున్నారు. కొన్నాళ్ళు పాత పోనీ మీద లంజ్ తాడుతో పాఠాలు చెప్పి, చేతులు చాపి ట్రాట్‌లో కూర్చోగలిగాకనే దీన్ని ఇస్తామన్నారు. అమ్మాయి అలిగింది కాని, పాఠం అయ్యాక ఈ పోనీ జూలు దువ్వవచ్చని చెబితే సరేనంది. మావారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, వచ్చే తరగతికి తానే వచ్చి చూస్తానన్నారు.

జవాబు: హ్యాంప్‌షైర్ శిక్షకురాలు

చాలా మంచి పని చేశారమ్మా. ఒక్క విషయం. పడినప్పుడు హెల్మెట్ కర్రకు తగిలిందని రాశారు. పైకి గీత కూడా లేకపోయినా ఆ హెల్మెట్‌ను ఇక వాడవద్దు. లోపలి నురగ ఒకసారి దెబ్బను తీసుకుంటే నలిగిపోతుంది, రెండోసారి కాపాడదు. కొత్తది కొనేటప్పుడు లోపల పాస్ 015 గాని, స్నెల్ గాని భద్రతా ప్రమాణపు ముద్ర ఉందో లేదో చూసి, దుకాణంలోనే అమ్మాయి తలకు సరిచూయించండి. ఛాతీకి రక్షణ కవచం కూడా కొనాలనుకుంటే బీటా 2018 లెవల్ 3 అనే భద్రతా ప్రమాణపు ముద్ర ఉన్నదే తీసుకోండి. పెరిగే పిల్లకదా అని ఒక సైజు పెద్దది మాత్రం కొనకండి, వదులుగా ఉన్న కవచం పడినప్పుడు పైకి జారిపోతుంది.