ప్రకాశింపనియ్యుడియా, ప్రకాశింపజేయుడియా?

పెరంబూరు సభ్యురాలు: మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలోని ఒక వాక్యం కొంతకాలంగా నన్ను వదలడం లేదు. "వారియెదుట మీ వెలుగు ప్రకాశింపజేయుడి" అని సండే స్కూల్లో కంఠస్థం చేసినట్టు గుర్తు. మొన్న మా కూటంలో ఒక అమ్మాయి "ప్రకాశింపనియ్యుడి", అంటే ప్రకాశించనివ్వండి, అని చదివింది. పనిచేసే చోట విశ్వాసాన్ని ఎలా పంచుకోవాలన్న ఆనాటి బోధంతా ఆ ఒక్క క్రియ మీదే నిలిచింది కాబట్టి పెద్దలను అడుగుతున్నాను.

వేపేరి మాస్టారు: పదహారవ వచనంలో పాఠం "నియ్యుడి" అనే ఉందమ్మా. గ్రీకు మూలంలో ఆ క్రియ ప్రథమపురుష విధ్యర్థకం, అంటే "అది ప్రకాశించాలి" అనే తరహా రూపం. దాని కర్త వెలుగే గాని శిష్యులు కారు. ఆరవ అధ్యాయంలోని ప్రభువు ప్రార్థనలో అదే తరహా రూపాన్ని "నీ రాజ్యము వచ్చుగాక" అని తెనిగించినవారు, ఇక్కడ "గాక"ను విడిచి "ఇయ్యుడి"ని ఎందుకు ఎన్నుకున్నారన్నదే అసలైన ప్రశ్న. ప్రార్థన దేవునితో పలికేది, ఈ మాట శిష్యులతో పలికినది కాబట్టి, వారి వంతుగా ఒక బాధ్యత వినిపించాలని అనువాదకులు తలచారని నా నమ్మకం.

అన్నానగర్ సభ్యుడు: మాస్టారూ, మేము తమిళ ఆరాధనకు వెళ్తాము. అక్కడి బైబిలులో "ప్రకాశిక్కక్కడవదు" అని ఉంది. అది మన "ప్రకాశించును గాక"కు సమానం. మూలానికి తమిళమే దగ్గరగా ఉందని ఒప్పుకోక తప్పదు.

తాంబరం అక్క: తమిళం సంగతి తరువాత చూద్దాం. నన్ను బాధించేది "ఇయ్యుడి" అనే రూపమే. చిన్నయసూరి ఈ మద్రాసులోనే కూర్చుని బాలవ్యాకరణం రాశారు. ఆ గ్రాంథిక మర్యాదలో "ప్రకాశింపనిండు" అంటే ఎంత నిండుగా ఉండేది! "ప్రకాశింప" అనే మాట శార్దూల పద్యపాదంలో వరుసగా వచ్చే రెండు తగణాల (గురువు, గురువు, లఘువు) మధ్య ఎంత హాయిగా ఇముడుతుందో చూడండి. క్రీస్తు చరిత్రను పద్యాల్లో చెప్పి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన జాషువాగారి చేతిలో పడి ఉంటే ఈ వాక్యం మరోలా మోగేది.

వేపేరి మాస్టారు: జాషువాగారి ధార మీద నాకున్న ప్రేమ మీకు తెలుసు. అయితే "ఇండు", "ఇయ్యుడి" అన్నవి రూపభేదాలే తప్ప అర్థభేదాలు కావు. చర్చ "ఇచ్చుట"కూ "చేయుట"కూ మధ్య ఉంది.

పెరంబూరు సభ్యురాలు: నాకు కావలసిందీ అదే. మా కార్యాలయంలో ఒకామె తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టనన్నారు. ఆమె ఎవరికీ ఏమీ బోధించలేదు. కొన్నాళ్లకు పక్క కుర్చీలోని వ్యక్తే వచ్చి, "మీకు ఈ ధైర్యం ఎక్కడిది?" అని అడిగాడు. అప్పుడామె చెప్పారు. పేతురు మొదటి పత్రికలో "హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు" సిద్ధంగా ఉండమన్నారు కదా. ఇది "ఇయ్యుడి"కి నిదర్శనం కాదా?

అన్నానగర్ సభ్యుడు: అక్కడే నాకు భయం. అడిగేవరకు మౌనంగా ఉండటానికి ఆ క్రియ సాకు కాకూడదు. మత్తయి చివరి అధ్యాయంలో "సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" అని స్పష్టంగా ఉంది. మీ జ్ఞాపకంలోని "జేయుడి" ఆ వచనం నుంచే ఇటు జారి ఉంటుందని నా ఊహ.

తాంబరం అక్క: ఊహ బాగుంది, కానీ అంత దూరం పోనక్కరలేదు. పైనున్న పదిహేనవ వచనం చదవండి. దీపాన్ని వెలిగించి "కుంచము క్రింద పెట్టరు", దీపస్తంభం మీద పెడతారు. నాలుగు మానికల ధాన్యం కొలిచే కుంచం బోర్లిస్తే దీపం పూర్తిగా మరుగవుతుంది. స్తంభం మీద పెట్టడం మనిషి చేసే పనే కదా! అంటే "చేయుట" లేని "ఇచ్చుట" లేదు.

వేపేరి మాస్టారు: పెట్టడం మన పని, వెలగడం దీపం పని, నా పట్టు అంతే. ఆరవ అధ్యాయం మొదట్లో "మనుష్యులకు కనబడవలెనని వారియెదుట మీ నీతికార్యము చేయకుండ జాగ్రత్తపడుడి" అని ఉంది. రెండు చోట్లా "వారియెదుట" అన్న మాటే వచ్చింది. మొదటి చోట "జేయుడి" అని చదివితే ఈ హెచ్చరికతో అది ఢీకొంటుంది, "నియ్యుడి" అని చదివితే ఢీకొనదు. దీనికి తాంబరం అక్కగారు ఏమంటారో వినాలని ఉంది.

తాంబరం అక్క: ఢీకొనదు మాస్టారూ. పదహారవ వచనంలో మనుషులు మన మంచి పనులు చూసి పరలోకపు తండ్రిని మహిమపరచడం ఉద్దేశం, ఆరవ అధ్యాయంలో మనుషుల కంటపడటమే ఉద్దేశం. ఏ క్రియ పెట్టినా ఆ తేడా చెరగదు.