జగదేకవీరుడా, లోకాన్ని కమ్మినవాడా?

అందరికీ నమస్కారం. పాప్ గాయకుడు వాంగ్ లీహోమ్ 2005 డిసెంబరు చివర్లో తెచ్చిన ఆల్బమ్ మీద తెలుగులో చిన్న పరిచయం రాస్తున్నాను. పెకింగ్ ఒపేరాని, దానికంటే పాతదైన ఖున్‌ఛ్యూ నాటకాన్ని తీసుకొచ్చి హిప్‌హాప్‌తో, ఆర్ అండ్ బీతో కలిపాడు. ఆయన పుట్టింది అమెరికాలోని రోచెస్టర్‌లో, పేరు తెచ్చుకున్నది తైవాన్‌లో. ఈ ఆల్బమ్‌కే 2006లో అక్కడి గోల్డెన్ మెలొడీ అవార్డుల్లో మాండరిన్ ఉత్తమ గాయకుడయ్యాడు.

చిక్కల్లా పేరుతోనే. చైనీసులో 'గాయ్‌షి యింగ్‌ష్యుంగ్', ఇంగ్లీషులో 'హీరోస్ ఆఫ్ ఎర్త్'. ఆల్బమ్‌లో ఒక పాటకీ ఇదే పేరు. ఇంగ్లీషు చూసి 'భూలోక వీరులు' అని రాస్తే పాత జానపద సినిమా వాల్‌పోస్టర్‌లా ఉంది. 'జగదేకవీరుడు' అనొచ్చా? పాటల పేర్లకీ తెలుగు కావాలి. ఇంకోటి, తన శైలికి ఆయన 'చింక్డ్ అవుట్' అని పేరు పెట్టుకున్నాడు. దాన్నేం చెయ్యాలి?

*

అమ్మా, ముందు ఆ 'హీరోస్'లోని 'స్' సంగతి. చైనీసు నామవాచకానికి ఏకవచనం, బహువచనం అంటూ గుర్తు ఉండదు. 'యింగ్‌ష్యుంగ్' అంటే వీరుడూ కావచ్చు, వీరులూ కావచ్చు. బహువచనం ఇంగ్లీషు పేరు పెట్టినవాళ్ళు తేల్చుకున్నది, దాన్ని మీరు మొయ్యక్కర్లేదు.

అసలు మాట 'గాయ్‌షి'. 'షి' లోకం, 'గాయ్' కప్పడం. ఇంట్లో వాడే మాటే. సీసా మూతకీ ఈ అక్షరమే, రాత్రి దుప్పటి కప్పుకోవడానికీ ఈ క్రియే. 'జగదేకవీరుడు'లో ఉన్నది లెక్క: లోకం మొత్తానికి వీడొక్కడే. 'గాయ్'లో లెక్క లేదు, పరుచుకోవడం ఉంది. వీడి కింద లోకమంతా కనపడకుండా పోతుంది.

ఈ మాట చైనావాళ్ళ చెవిలో ఒంటరిగా మోగదు. క్రీ.పూ. 202లో గాయ్‌శ్యా దగ్గర (ఈ ఊరి పేరులోని గాయ్ వేరే అక్షరం, కలపకండి) హాన్ సేనలు చుట్టుముట్టినప్పుడు చూ రాజు శ్యాంగ్ యూ గుడారంలో పాడాడని సీమా ఛ్యెన్ తన చరిత్రలో రాసిన నాలుగు పాదాలున్నాయి. మొదటి పాదం 'లీ బా షాన్ శీ, ఛీ గాయ్ షి'. ఛందస్సు జోలికి పోకుండా చెబితే:

బలమా, కొండల్ని పెరికేది. తేజమా, లోకాన్ని కమ్మేది.
కాలం కలిసిరాలేదు, నా గుర్రం అడుగెయ్యదు.
గుర్రం అడుగెయ్యకపోతే నేనేం చేసేది?
యూ, ఓ యూ, నిన్నేం చేసేది?

యూ ఆయన ప్రియురాలు. ఈ ఘట్టాన్నే మెయ్ లాన్‌ఫాంగ్ 1922లో పెకింగ్ ఒపేరాగా ఆడాడు, తను యూ వేషం కట్టి, యాంగ్ శ్యావ్‌లోవ్ చేత శ్యాంగ్ యూ వేషం కట్టించి. ఆ తర్వాత అందులో యూ చేసే కత్తుల నాట్యం చూడని చైనా ప్రేక్షకుడు అరుదు. అంటే 'గాయ్‌షి' అని మొదట అన్నది గెలిచినవాడు కాదు, తెల్లారితే చచ్చేవాడు. ఆ రాత్రి నాలుగు దిక్కులా శత్రువుల గుడారాల నుంచి తన సొంత చూ దేశపు పాటలు వినపడేసరికి, నా దేశం మొత్తం పోయినట్టుందే అనుకున్నాడట. 'నాలుగు వైపులా చూ పాటలు' అన్నది ఈనాటికీ వాళ్ళకి నుడికారమే, దిక్కులేని స్థితికి. ఇంత బరువున్న మాటని జగదేకవీరుడు మొయ్యలేడు. నేనైతే 'లోకాన్ని కమ్మిన వీరుడు' అంటాను.

*

మాస్టారూ, మబ్బు కమ్ముతుంది, చీకటి కమ్ముతుంది, మత్తు కమ్ముతుంది. వీరుడు కమ్మడమేంటండీ? పైగా ఇది ర్యాప్ పాట. నేనింత, నేనంత అని రొమ్ము విరుచుకోవడం ఆ కళకి ప్రాణం. చైనీసు మూలాలున్న అమెరికన్ ర్యాపర్ జిన్ కూడా ఇందులో గొంతు కలిపాడు. తెలుగులో ఆ పొగరు పలికే మాట 'జగజ్జెట్టి'. జెట్టి అంటే మల్లుడు, బరిలోకి దిగి తొడగొట్టేవాడు. జగత్తూ ఉంది, కండా ఉంది.

*

జగజ్జెట్టి బాగుంది, పాట పేరుకి నా ఓటు దానికే. పద్యంలో మాత్రం 'కమ్మేది' తియ్యను. చీకటి వాసన తగలాలనే ఆ మాట వేశాను.

*

మృదంగం నేర్చుకున్నవాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. ఈ ఆల్బమ్‌ని పరిచయం చేసేవాళ్ళందరూ 'తూర్పు పడమరల సంగమం' అని రాసి వదిలేస్తారు. మీరలా రాయొద్దండీ, ప్లీజ్. బీట్ మీద చైనా వాయిద్యం ఒకటి తెచ్చి పెడితే కలయిక అయిపోదు, అది హోటల్ లాబీలో వినపడే సంగీతం. ఇక్కడ అతుకు కనపడకుండా కుదిరిన చోటు ఒకటుంది, అది మాట.

పెకింగ్ ఒపేరాలో పాట ఎంతో పలుకూ అంత. రాజులు, పండితులు, గొప్పింటి ఆడవాళ్ళు సాగదీసిన గ్రాంథికపు పలుకుబడిలో మాట్లాడతారు. పనిపిల్లలూ హాస్యగాళ్ళూ బీజింగ్ వీధి భాషలో. సంస్కృత నాటకంలో రాజుకి సంస్కృతం, చెలికత్తెకి ప్రాకృతం ఇచ్చినట్టే. వీటితో పాటు 'షూబాన్' అని ఒకటుంది: రాగం ఉండదు, చెక్క తాళం దెబ్బకి సరిగ్గా ప్రాసల మాటలు గబగబా చెప్పుకుపోవడం. ఎక్కువగా హాస్య పాత్ర పని. ఇది తెలిసినవాడికి ర్యాప్ పరాయిది ఎలా అవుతుంది?

మాండరిన్‌లో స్వరం ఎక్కడం దిగడంతో మాట అర్థమే మారిపోతుందని మీకు తెలిసిందే. పాప్ పాటలో ట్యూన్ ఆ ఎక్కుడు దిగుళ్ళని తొక్కేస్తుంది, వినేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. ర్యాప్‌లో మాట మాటలాగే ఉంటుంది కాబట్టి ఆ స్వరం బతుకుతుంది. గాంగులు చూడండి. పెకింగ్ ఒపేరాలో పెద్ద గాంగు కొడితే నాదం కిందికి జారుతుంది, చిన్న గాంగు నాదం పైకి లేస్తుంది. రెండూ రెండు రకాలుగా మాట్లాడుతున్నట్టే ఉంటాయి. ఆ వాద్యగాళ్ళు జతుల్ని నోటితో చెప్పే నేర్చుకుంటారు: 'ఛాంగ్' అంటే పెద్ద గాంగు దెబ్బ, 'థాయ్' అంటే చిన్నది, 'ఛాయ్' అంటే తాళాలు. తకధిమి చదివినవాడికి ఇది వింటే ఒళ్ళు పులకరిస్తుంది. మీ పరిచయంలో ఈ ముక్క పెట్టండి, సంగమాన్ని సినిమావాళ్ళకి వదిలెయ్యండి.

*

చాలా థాంక్స్ అండీ, సంగమం కొట్టేశాను. ఇప్పుడు ఆల్బమ్‌లోని ఇంకో పాట, 'హువా థ్యెన్ ట్సువో'. 'హువా థ్యెన్' పూల పొలం. 'ట్సువో' తప్పు. 'పూలతోటలో తప్పు' అని రాస్తే పత్రికలవాళ్ళు శీర్షిక చూసి ఇంకేదో అనుకునేలా ఉన్నారు.

*

అనుకోనివ్వండి, పాట వరకు వాళ్ళు అనుకునేదే కరెక్టు! ఇది మొదట పెకింగ్ ఒపేరా ప్రహసనం పేరు. పూల సంతలో బొమ్మలూ రాతలూ అమ్ముకునే యువకుణ్ణి ఒకింటి అమ్మాయి ఇష్టపడుతుంది. పిలుచుకురమ్మని మనిషిని పంపితే తీరా వచ్చేది బందిపోటు. అసలు పెళ్ళికొడుక్కి పనిపిల్ల ఆడవేషం వేయించాల్సొస్తుంది. నాటకం అంతా ఆ పనిపిల్లదే. అక్కడ 'ట్సువో' అంటే పొరపాటు, ఒకరనుకుని ఇంకొకరిని తేవడం. లీహోమ్ పాటలో బందిపోటూ లేడు, పనిపిల్లా లేదు. వెన్నెల, మత్తు, మర్నాడు గుర్తొచ్చే మనసు ఉన్నాయి. అక్కడ అదే 'ట్సువో' తప్పు. కాబట్టి నాటకం ప్రస్తావన వచ్చినచోట 'పూలతోట పొరపాటు', పాటకి 'పూలతోటలో తప్పు'. చైనీసుకి ఒక్క అక్షరం సరిపోయింది. తెలుగువాళ్ళం పొరపాటునీ తప్పునీ విడివిడిగా చూస్తాం, క్షమించేటప్పుడు కూడా.

'త్సాయ్ మెయ్ బ్యెన్' పాటకి ఇంత తంటా లేదు, 'మెయ్ చెట్టు పక్కన' అని అర్థం, 'రేగిపూల పక్కన' లాంటివి మాత్రం వద్దు. మెయ్ వేరే చెట్టు, ప్లమ్ అనే ఉంచండి. థాంగ్ శ్యెన్‌త్సూ 1598లో రాసిన 'పియోనీ మండపం' అనే ఖున్‌ఛ్యూ నాటకంలో కథానాయిక తన బొమ్మ తానే గీసుకుని దానిమీద రాసిన పద్యం చివర ఉంది ఆ మాట: 'ప్లమ్ పక్కన కాకుంటే విల్లో పక్కన'. కలలో వచ్చినవాడి పేరు ల్యూ మెంగ్‌మెయ్. ల్యూ విల్లో, మెంగ్ కల, మెయ్ ప్లమ్. పేరు తెలియకుండానే అతని పేరు రాసేసింది, పాపం. ఆ చెట్ల పేర్లని మామిడీ మర్రీ చేస్తే మనిషే మాయమైపోతాడు.

*

'చింక్డ్ అవుట్'ని అనువదించకండి. దాని మూలంలో ఉన్నది అమెరికాలో చైనావాళ్ళని కించపరచడానికి వాడే తిట్టు. అంతకు ముందు ఏడాది ఆల్బమ్ 'షాంగ్రి-లా' నాడే ఆయన ఈ పేరు మొదలుపెట్టాడు. తిట్టుని లాక్కుని మన గొప్పగా మార్చుకుందాం అన్నది ఆయన వాదన. అది అందరికీ మింగుడు పడలేదు, అమెరికాలో ఉన్న చైనీయుల్లోనే అభ్యంతరం చెప్పినవాళ్ళున్నారు. తెలుగులో ఏ మాట పెట్టినా ఆ తిట్టూ పోతుంది, ఆ గొడవా పోతుంది. అలాగే ఉంచి పక్కన ఒక వాక్యం రాయండి.

*

అలాగేనండీ. చివరిగా ఒక డౌటు. 'గాయ్' అని 'గ'తో రాస్తున్నాను, రోమన్ లిపిలో 'జీ' ఉంది కాబట్టి. సరేనా?

*

రోమన్ లిపిని నమ్మకండి. మాండరిన్‌లో 'గ', 'బ', 'డ' లాంటి నాద ధ్వనులు లేవు. వాళ్ళు 'జీ' వేసిన చోట పలికేది మన 'క', 'కే' వేసిన చోట 'ఖ'. ఇంగ్లీషుకి లేని వెసులుబాటు మనకుంది, వత్తు ఉన్న హల్లూ లేని హల్లూ రెండూ ఉన్నాయి. ఖున్‌ఛ్యూకి ఖ సరిగ్గా పెట్టారు. ఆ లెక్కన ఇది 'కాయ్‌షి' అవ్వాలి.

*

'కాయ్‌షి' అని అచ్చువేస్తే మా ఎడిటర్ 'కాశి' అని దిద్దుతాడు మాస్టారూ. 'గ'నే ఉంచుతున్నా.