“శ్రద్ధతో, అంతఃకరణ శుద్ధితో...” ఇది ఎమ్మెల్యే ప్రమాణంలో మాటేనా?

కర్నూలు నుంచి (ప్రశ్న):
మా తాత ఏ పని మొదలుపెట్టినా “శ్రద్ధతో, అంతక్కరణ శుద్ధితో...” అంటూ ఒక పెద్ద వాక్యం అప్పజెప్పేవాడు. చివర్లో ఎక్కడో “లేకుండా” అని వచ్చేది. మధ్యలోది ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. దామోదరం సంజీవయ్య గారు ఎమ్మెల్యేగా ప్రమాణం చేసినప్పుడు చదివిన మాటలని చెప్పేవాడు. మా బడి సంచికకు సంజీవయ్య గారి మీద వ్యాసం రాస్తున్నా, ఆయన పుట్టిన పెద్దపాడు నుంచి శాసనసభ దాకా. ఈ వాక్యంతోనే ఎత్తుకోవాలని ఉంది. పూర్తి పాఠం ఎవరికైనా వచ్చా? అంతకంటే ముందు ఒకటి తేల్చండి: అంతఃకరణా, అంతక్కరణా?

నంద్యాల:
“...నా కర్తవ్యాలను శ్రద్ధతో, అంతఃకరణ శుద్ధితో నిర్వహిస్తానని, భయం గానీ, పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా, రాజ్యాంగాన్ని, శాసనాలను అనుసరించి ప్రజలందరికీ న్యాయం చేకూరుస్తానని...” మీ తాతగారి “లేకుండా” ఇదే. కానీ ఇది ఎమ్మెల్యే ప్రమాణం కాదు, మంత్రిది. రాజ్యాంగం మూడో షెడ్యూల్లో రెండూ వేర్వేరుగా ఉన్నాయి. ఎమ్మెల్యేది పొట్టి పాఠం. రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత, దేశ సార్వభౌమాధికారం, సమగ్రత, చేపట్టబోయే కర్తవ్యం. అంతే. అందులో అంతఃకరణమూ లేదు, రాగద్వేషాలూ లేవు. సంజీవయ్య గారు మంత్రిగా చేశారు, 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. మీ తాతగారు విన్నది ఆ ప్రమాణాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. వ్యాసంలో “ఎమ్మెల్యేగా” అని మాత్రం రాయొద్దు.

అనంతపురం:
నంద్యాల సార్ చెప్పినదానికి ఒక సవరణ. “సార్వభౌమాధికారం, సమగ్రత” అన్న ముక్క మొదటినుంచీ లేదు. 1963లో 16వ రాజ్యాంగ సవరణతో చేరింది. మా కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారినే తీసుకోండి. 1952లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డి గారి మీద గెలిచి మద్రాసు శాసనసభకు వెళ్లారు. 1957లో లోక్‌సభ, 1962లో పుట్లూరు నుంచి మళ్లీ శాసనసభ, 1967లో మళ్లీ అనంతపురం. ఈ లెక్కన 1952లో, 1962లో ఆయన చదివిన పాఠం వేరు, 1967లో చదివింది వేరు. 1969లో రాజీనామా చేసి బయటికొచ్చారు. ఆయన ఎన్నడూ మంత్రి కాలేదు కాబట్టి “అంతఃకరణ శుద్ధి” ఆయన నోట సభలో పలకాల్సిన అవసరమే రాలేదు. ఇంత మనిషి జీవితంలో ఆ మాటకు చోటు లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బనగానపల్లె:
అది లోపం కాదన్నా, తెలిసే అలా రాశారని నా నమ్మకం. మంత్రి అందరికీ న్యాయం చేయాలి, కాబట్టి పక్షపాతం ఉండకూడదు. ఎమ్మెల్యే తన నియోజకవర్గం పక్షాన మాట్లాడడానికే వెళ్తాడు. మా ఊరి చెరువుకు నీళ్లు కావాలని లేచి నిలబడి “అధ్యక్షా!” అన్నప్పుడు ఆయన నిష్పక్షపాతంగా ఉంటే మా గతేం కావాలి? పక్షం ఉండాల్సిన మనిషి చేత పక్షపాతం లేదని ప్రమాణం చేయించలేదు, అంతే.

ఆదోని:
అసలు ప్రశ్న విసర్గది కదా, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. “అంతఃకరణ”లో విసర్గ ఎగిరిపోతే “అంతకరణ” అవుతుంది. అంతకుడంటే యముడు. అంతకరణమంటే అంతం చేయడం. టీవీలో ప్రమాణ స్వీకారాలు చూడండి, సగం మంది “అంతకరణ శుద్ధితో” అనే చదువుతారు. వినలేక సౌండ్ తగ్గిస్తా.

ప్రొద్దుటూరు:
అంతకరణ తప్పు, ఒప్పుకుంటా. కానీ తాతగారు అన్నది “అంతక్కరణ”. అది తప్పు కాదు, తెలుగు నోరు. దుఃఖాన్ని మనం దుక్కం అనడం లేదా? అంతఃపురాన్ని అంతప్పురం అనడం లేదా? విసర్గను తర్వాతి హల్లులో కలిపి ద్విత్వం చేసుకోవడం మన అలవాటు. గురులఘువులు, అంటే బరువు అక్షరాలు, తేలిక అక్షరాలు, వేసి చూడండి. అంతః అంటే రెండు గురువులు. అంతక్కరణలోనూ “త” గురువే. అంతకరణలో మాత్రం లఘువైపోయింది. చదువు తక్కువైనా తాతగారి చెవి ఛందస్సు చెడగొట్టలేదు. మైకు ముందు కాగితం చూసి చదివేవాళ్లు చెడగొడుతున్నారు.

ఆదోని:
పలుకుబడి వరకు సరే. రాతలో మాత్రం విసర్గ ఉండాల్సిందే. ఇంకో సంగతి. మా తట్టు కన్నడం పక్కింటి భాష. కన్నడంలో “అంతఃకరణ ఉన్న మనిషి” అంటే దయ ఉన్న మనిషి, కడుపులో ప్రేమ ఉన్న మనిషి. మా ఆదోని ముసలివాళ్లు తెలుగులో మాట్లాడేటప్పుడూ ఆ అర్థంలోనే వాడతారు. ఈ తాతగారు పని మొదలుపెడుతూ ఆ మాట అన్నారంటే, మనస్సాక్షి అన్న అర్థంలోనో, దయ అన్న అర్థంలోనో మనమెట్లా చెప్తాం?

నంద్యాల:
వేదాంతంలో అంతఃకరణమంటే మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం, నాలుగూ కలిపి. మూడో షెడ్యూల్ ఇంగ్లిష్ పాఠంలో ఉన్నది మనస్సాక్షికి కట్టుబడి అన్న అర్థమే. దయ అక్కడ పొసగదు.

కడప:
నాలుగింటిలో ఒకటి చిత్తం అన్నారు కాబట్టి అడుగుతున్నా. వేమన్న “చిత్తశుద్ధి” అని అంత తేటగా చెప్పి పెట్టినాక, అనువాదం చేసినవాళ్లు అంతఃకరణ శుద్ధిని ఎందుకు పట్టుకొచ్చినట్టు?

“ఆత్మశుద్ధి లేని యాచార మదియేల
భాండశుద్ధి లేని పాకమేల
చిత్తశుద్ధి లేని శివపూజ లేలరా
విశ్వదాభిరామ వినురవేమ”

మూడు పాదాల్లో మూడు శుద్ధులు. మనసు, వంటింటి గిన్నె, పూజ ఒకే వరసలో నిలబెట్టాడు. కూలికి పోయే మనిషికీ అర్థమవుతుంది. శాసనసభ్యుడి చేత “చిత్తశుద్ధితో” అనిపించి ఉంటే ఊళ్లో జనం ఎన్నికల్లో అదే మాట పట్టుకుని నిలదీసేవాళ్లు.

ప్రొద్దుటూరు:
పద్యం బంగారం. కానీ దాన్నుంచి అర్థం లాగకండి సార్. మూడో పాదంలో చి–శి యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో దానితో కుదిరే అక్షరం రావాలి. శివపూజ అన్నాక అక్కడ చిత్తమే రావాలి, ఆత్మ పడదు, అంతఃకరణం అసలే పడదు. రెండో పాదంలో భా–పా కూడా అంతే. యతి కోసం ఎంచుకున్న మాటను వేదాంతంలో తూకం వేయకూడదు.

కడప:
యతి కోసం మాట వెతుక్కునేవాడు వేరే కవి. వేమన్నకు మాట ముందు, యతి తర్వాత. పైగా “శివపూజ”ను మార్చుకోవడం ఆయనకు కష్టమా? చిత్తం కావాలనుకున్నాడు కాబట్టే శివుణ్ణి దాని పక్కకు తెచ్చుకున్నాడు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చేయించాడంటే ఊరికే కాదు. ఆయన పేరు మీద ఇక్కడ కడపలో భాషా పరిశోధన కేంద్రం ఉంది. వచ్చి కూర్చోండి, పద్యం పద్యం చూద్దాం.

అనంతపురం:
కటారుపల్లి మా వైపుది, వేమన్న సమాధి అక్కడే. కడపవాళ్లు ఒక్కరే మాట్లాడితే ఊరుకోం. అయినా చిత్తశుద్ధి శాసనసభకు పోలేదని ఎవరన్నారు? అక్కడ రోజూ వినబడే మాటే అది. “ఈ ప్రభుత్వానికి చిత్తశుద్ధి లేదు అధ్యక్షా” అనని ప్రతిపక్ష సభ్యుడు ఉన్నాడా? ఒక ఎమ్మెల్యే అంతఃకరణ శుద్ధిని పలకాలంటే మంత్రి కావాలి. చిత్తశుద్ధిని మాత్రం ప్రశ్నోత్తరాల్లో, జీరో అవర్లో, బడ్జెట్ మీద చర్చలో పలుకుతూనే ఉంటాడు. ప్రమాణంలో లేని వేమన్న మాట రోజువారీ సభలో బతికే ఉంది.

బనగానపల్లె:
కానీ అక్కడ ఎప్పుడూ ఎదుటివాడికి లేనిదిగానే వినబడుతుంది. “నాకు చిత్తశుద్ధి ఉంది” అని మొదలుపెట్టినవాళ్లు తక్కువ. వేమన్న పద్యంలోనూ “లేని” అనే ఉంది, గమనించారా?

కర్నూలు నుంచి (ప్రశ్న అడిగినవారు):
అందరికీ నమస్కారం. “ఎమ్మెల్యేగా” తీసేసి “మంత్రిగా” అని రాస్తా. అయితే ఇంకో చిక్కు. మా తాత వాక్యం మొదట్లో “శాసనం ద్వారా నిర్మితమైన” అని కాకుండా “నిర్ణీతమైన” అనేవాడని మా అత్త అంటోంది. ఏది సరి?

నంద్యాల:
“శాసనం ద్వారా నిర్మితమైన భారత రాజ్యాంగం పట్ల.” నిర్మితమే. ఇది మాత్రం ఎమ్మెల్యేకీ మంత్రికీ ఇద్దరికీ ఉంది.

ఆదోని:
ఉంది, కానీ బాగుందా అని అడుగుతున్నా. శాసనం రాజ్యాంగాన్ని నిర్మించడమేంది? రాజ్యాంగం నుంచి కదా శాసనాలు పుట్టేది? చట్టబద్ధంగా నెలకొన్న రాజ్యాంగం అన్నది అసలు భావం. “నిర్ణీతం” దానికి కొంచెం దగ్గర. తాతగారి పాఠమే మెరుగు.

కడప:
శాసనమంటే చట్టం ఒక్కటే కాదు సామీ. మా జిల్లాలో కలమళ్ల శాసనం ఉంది, రేనాటి చోళులది, తెలుగులో దొరికినవాటిలో తొలిదిగా చెప్పుకునేది. అక్కడ శాసనమంటే రాతిమీద చెక్కిన మాట. ఆ అర్థం తీసుకుంటే నిర్మితం చక్కగా కుదురుతుంది.

ప్రొద్దుటూరు:
కుదరదు. “ద్వారా” అడ్డం పడుతుంది. శిల “మీద” నిర్మిస్తారు, శాసనం “ద్వారా” కాదు. ఆ “ద్వారా” సంగతి ముందు తేలాలి.