మిషిగన్ గొప్పా, ఒహాయో స్టేట్ గొప్పా? మొత్తం గెలుపులు చూడాలా, శాతం చూడాలా?

కొలంబస్ కుర్రాడు:
అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే యూనివర్సిటీ జట్లలో నేను ఒహాయో స్టేట్ అభిమానిని, మా బావ మిషిగన్. ఈ రెండు జట్లూ తలపడే నవంబర్ చివరి వారం వచ్చిందంటే ఫోన్‌లో ఇదే గొడవ. కాలేజీ ఫుట్‌బాల్‌లో 1000 గెలుపులు మొదట చేరింది మేమేనంటాడు. నిజమే, 2023లో మేరీల్యాండ్ మీద 31-24తో గెలిచి చేరారు, కాదనను. కానీ 2012 నుంచి 2019 దాకా వరసగా ఎనిమిదిసార్లు వాళ్ళను ఉతికి ఆరేశాం కదా, దానికి విలువ లేదా? అసలు ఈ పోలిక ఎలా చెయ్యాలి?

పాతలెక్కలు:
మొత్తం గెలుపులు ముందు వయసును చెబుతాయి, తర్వాతే గొప్పతనాన్ని. మిషిగన్ 1879లో మొదలుపెట్టింది, ఒహాయో స్టేట్ 1890లో, అలబామా 1892లో. 1872లో మొదలైన యేల్‌ను మిషిగన్ 2001లో గానీ దాటలేకపోయింది, మరి అప్పటిదాకా యేలే అందరికన్నా బలమైన జట్టని ఎవరైనా అంటారా? పైగా సీజన్ పొడవు కూడా మారిపోయింది. 1901లో మిషిగన్ ఒక్కటీ ఓడకుండా 11 గెలిచింది, ఒక్క పాయింటూ ఇవ్వలేదు. 2024లో ఒహాయో స్టేట్ రెండు ఓడి కూడా 14 గెలిచింది, ఎందుకంటే ఆడింది 16 మ్యాచ్‌లు. శాతం కొంత నయం (టైను సగం గెలుపుగా లెక్కేస్తారు), కానీ అక్కడ మీరిద్దరూ, అలబామా, నోటర్ డేమ్ అందరూ 0.73 చుట్టుపక్కలే ఉంటారు, తేలేదేమీ ఉండదు. మీ ఇద్దరి గొడవకు ముఖాముఖి లెక్కే సరైనది. 2024 వరకు మిషిగన్ 62, ఒహాయో స్టేట్ 51, టైలు 6. ఇందులో 1918 దాకా జరిగిన తొలి 15 మ్యాచ్‌లలో మిషిగన్ 13 గెలిచి రెండు టై చేసుకుంది. అవి తీసేస్తే 49-51, మీరే ముందు.

నీలం పసుపు:
ఎందుకు తీసెయ్యాలండీ? 1902లో 86-0తో కొట్టాం, అదీ టచ్‌డౌన్‌కు (బంతిని అవతలి జట్టు గీత దాటిస్తే) ఐదు పాయింట్లే ఉన్న రోజుల్లో. ఆ కుర్రాళ్ళూ దెబ్బలు తిని ఆడినవాళ్ళే. మీకు నచ్చిన ఏడాది నుంచి మొదలుపెడితే ఎవరినైనా గెలిపించొచ్చు.

కొలంబస్ కుర్రాడు:
@నీలం పసుపు, సరే, అన్నీ లెక్కేద్దాం. అయితే 2010లో 37-7తో మేం గెలిచింది మీ 62-51లో ఎక్కడుంది? మా ఆటగాళ్ళు తమ జెర్సీలూ బహుమతులూ ఇచ్చి టాటూలు వేయించుకున్న గొడవలో ఆ సీజన్ గెలుపులన్నీ రికార్డులోంచి కొట్టేశారు. మైదానంలో అన్ని వేలమంది చూసిన మ్యాచ్ జరగలేదంటే ఎలా?

పాతలెక్కలు:
అందుకే నేను రెండు లెక్కలూ పక్కపక్కనే రాసుకుంటాను, అధికారికంగా ఒకటి, ఆడిన ఆట ప్రకారం ఒకటి. పెన్ స్టేట్ అనే మరో జట్టుకు 2012లో శిక్షగా 112 గెలుపులు తీసేసి, 2015లో తిరిగి ఇచ్చారు, ఆ మధ్య కాలంలో చేసిన పోలికలన్నీ వృథానే కదా. అయినా ఏ అంకెలోనూ పట్టని మ్యాచ్ 1973ది. ఇద్దరూ ఓటమి లేకుండా వచ్చారు, 10-10తో టై. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ (ఆటను నడిపించే ఆటగాడు) డెన్నిస్ ఫ్రాంక్లిన్ కాలర్‌బోన్ విరిగింది, తర్వాత రెండు జట్లూ ఉన్న బిగ్ టెన్ లీగ్ అథ్లెటిక్ డైరెక్టర్లు ఓటు వేసి ఒహాయో స్టేట్‌ను సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్ రోజ్ బౌల్‌కు పంపారు. రికార్డులో ఇద్దరికీ చెరో టై. మీ బావను ఆ ఏడాది గురించి అడిగి చూడండి, ఫోన్ గంటసేపు పెట్టెయ్యడు.