అప్‌డేట్: ఎల్‌జీబీటీ పాలసీ రీసెర్చ్ ఉద్యోగానికి ఏ రైటింగ్ శాంపిల్ పంపాలి?

సోషల్ వర్క్ ఎంఏతో ఈ రంగంలోకి రావచ్చా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చినవాళ్లు ‘డిగ్రీ కన్నా నాలుగు పేజీల పాలసీ బ్రీఫ్ (ఒక విధాన సమస్యనూ పరిష్కారాన్నీ క్లుప్తంగా చెప్పే పత్రం) చూపించు’ అన్నారు. అదే సరైన దారి. నేను తీసుకున్న అంశం ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రాలు. 2020 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల నిబంధనలు వాటి జారీకి 30 రోజుల గడువు పెట్టాయి. ఆ గడువు ఎంతవరకు అమలవుతోందో తెలియాలంటే ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయాలి. జిల్లా స్థాయిలో ఫీజు రూ.10. ‘ఎందుకు ఆలస్యమైంది?’ అని అడిగితే తిరస్కరిస్తారు, రికార్డులో లేని వివరణ ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు. దరఖాస్తుదారుల పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(జె) అడ్డం వస్తుంది, రావాలి కూడా. అవి బయటపడితే మనుషులకే ప్రమాదం. అందిన, మంజూరైన, 30 రోజులు దాటిన దరఖాస్తుల సంఖ్యలు చాలు. ఆర్టీఐకి 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు ముగిశాక 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

ఇంకో పొరపాటు చాలా బ్రీఫుల్లో ఉంటుంది: 2011 జనగణనలోని 4,87,803 మందిని ‘ఎల్‌జీబీటీ జనాభా’ అనేయడం. అది లింగం కాలమ్‌లో ‘ఇతరులు’ అని నమోదైన సంఖ్య మాత్రమే. గే, లెస్బియన్ల గురించి జనగణన అడగనే లేదు.

జీతం మాట్లాడే ముందు ఆ పోస్టు ఏ గ్రాంటు మీద నడుస్తోందో, అది ఎప్పుడు ముగుస్తుందో అడగండి. విదేశీ నిధులైతే అందులో పరిపాలన ఖర్చు కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా 20 శాతం దాటకూడదు.