పాప కోసం పిండం ఎంపిక: మిగతా పిండాలను ఏం చేశారు?

మా పాపకు ఐదేళ్లు, బీటా తలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారు కాని, పుట్టుకతో వచ్చే జబ్బు). మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నాం. దాంతో ఒంట్లో పేరుకునే ఐరన్ తగ్గే మాత్రలు వాడుతున్నా ఫెరిటిన్ (ఐరన్ నిల్వ చూపే రక్తపరీక్ష) 2,400 నుంచి దిగట్లేదు. ఎముక మూలుగ మార్పిడి చేయాలంటే దాత హెచ్‌ఎల్‌ఏ (కణజాల రకం) పాపతో కలవాలి; మా ఇద్దరిదీ పాపతో సగమే కలిసింది, మూలుగ దాతల రిజిస్ట్రీల్లోనూ ఎవరూ దొరకలేదు. ఐవీఎఫ్‌లో పిండాలను పరీక్షించి, జబ్బు లేనిది, పాపకు హెచ్‌ఎల్‌ఏ కలిసేది ఎంచుకుంటే, పుట్టే బిడ్డ మూలుగ పాపకు ఇవ్వొచ్చన్నారు డాక్టర్. సగటున 16 పిండాల్లో అలాంటివి 3 ఉంటాయట.

జబ్బు లేనిదాన్ని ఎంచుకోవడం మీద నాకు పేచీ లేదు. ఆరోగ్యంగా ఉన్నా పాపకు కలవలేదని పక్కన పెట్టేవాటి దగ్గరే మనసు ఆగిపోతోంది. పైగా పుట్టబోయే బిడ్డ మూలుగ తీయడానికి సంతకం పెట్టేదీ మేమే! కౌన్సెలర్‌ని అడిగితే శాతాలు చెప్పి పంపేశారు. అత్తయ్యగారు "దేవుడి పని మనకెందుకమ్మా" అంటున్నారు.

ఈ దారిలో వెళ్లినవాళ్లు, మిగిలిన ఆరోగ్యకరమైన పిండాల గురించి ఏ నిర్ణయం తీసుకున్నారు, ఎందుకు?