అష్టాచెమ్మా గవ్వలతో అష్టా పడడం లేదు, ఏం చెయ్యాలి?

పెన్నా ఒడ్డు:
వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంటు పిల్లలకి అష్టాచెమ్మా నేర్పిద్దామని ఆన్‌లైన్లో ఒక ప్యాకెట్ గవ్వలు తెప్పించాను. చెమ్మా (నాలుగు గవ్వలూ వెల్లకిలా, అంటే నోరు పైకి) మీద చెమ్మా పడతా ఉంది, అష్టా (నాలుగూ బోర్లా) మాత్రం ఎంతసేపు ఆడినా రావడం లేదు. తేడా గవ్వల్లోనా, వేసే తీరులోనా? గవ్వలు కుదరకపోతే చింతగింజలు ఎట్లా అరగదీయాలి? ఇంకోటి, అట్ట మీద గీసిన పటం చిరిగిపోయింది. కొన్నేళ్లు నిలిచే పటం దేనితో చేయొచ్చు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండన్నా.

గుండ్లకమ్మ:
ముందు గవ్వ వీపు చూడండి. ప్యాకెట్లలో వచ్చేవి చాలావరకు దండలకీ తోరణాలకీ గుచ్చే గవ్వలు. దారం దూరడానికి వీపు కోసేసి ఉంటారు. వీపు గుండ్రంగా ఉన్న గవ్వ వెల్లకిలా పడినా ఊగుతుంది, ఒక్కోసారి ఆ ఊపుకే మళ్లీ బోర్లా తిరుగుతుంది. వీపు కోసినదానికి ఆ ఊగు ఉండదు, కోసిన అంచు మీద పీటేసుకున్నట్టు కూర్చుంటుంది. అందుకే మీకు అన్ని చెమ్మాలు. కన్నంలో మైనం నింపి చూద్దామనుకోవద్దు, వీపు బరువెక్కి ఇంకా ఎక్కువ వెల్లకిలా పడతాయి.

నాలుగు గవ్వలూ ఏ వైపుకీ మొగ్గకుండా నికరంగా ఉంటే మొత్తం 16 తీర్లుగా పడొచ్చు. వాటిలో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1. అంటే సగటున ఎనిమిది పందేలకి ఒక పెద్ద పందెం, చెమ్మా గానీ అష్టా గానీ. చెమ్మాకి ఎంత అవకాశమో అష్టాకీ అంతే, నూటికి ఆరు. అదే గవ్వ నూటికి 60 సార్లు వెల్లకిలా పడే రకమైతే చెమ్మా 13 దాకా పోతుంది, అష్టా రెండు మూడుకి దిగిపోతుంది. మీ దగ్గర జరుగుతున్నది ఇదే.

పూజ సామాన్ల కొట్లో వీపు కోయని చిన్న పసుపు గవ్వలు అడగండి, లక్ష్మీ గవ్వలంటే ఇస్తారు. నాలుగే కొనొద్దు, పది పన్నెండు తెచ్చుకుని ఒక్కోదాన్నీ విడిగా 50 సార్లు వేసి లెక్క రాయండి. 20కి పైన, 30కి లోపు సార్లు వెల్లకిలా పడినవి ఆటకి, మిగతావి పక్కకి. మైపాడులోనో కొత్తపట్నంలోనో ఇసకలో ఏరినవైనా సరే, ఈ పరీక్ష పెట్టకుండా వాడొద్దు. అంచు విరిగిందీ, లోపల ఇసక ఇరుక్కుందీ అసలు పనికిరావు.

వేసే తీరు కూడా ముఖ్యమే. రెండు చేతుల్లో గలగలలాడించి జానెడు ఎత్తు నుంచి వదలాలి. నున్నటి టైల్స్ మీద గవ్వ దొర్లకుండా జారుతుంది, వేసేవాడు చేతిలో ఎట్లా పెట్టుకుంటే అట్లాగే పడేట్టు అలవాటు చేసుకోగలడు. కింద గోనెపట్టా ముక్క పరవండి.

ఉదయగిరి దుర్గం:
నన్నడిగితే పిల్లలకి చింతగింజలే మేలు. నాలుగూ మనమే ఒక తీరుగా చేసుకోవచ్చు, పోయినా బెంగ లేదు. కొత్త చింతపండులోంచి తీసిన లావు గింజలు ఎంచుకోండి, పలకలు పలకలుగా ఉన్నవి కాదు, రెండు వైపులా సమంగా ఉబ్బినవి. కడిగి రెండు రోజులు ఎండబెట్టి, గరుకు సిమెంటు గచ్చు మీద ఒకవైపే పెట్టి అరగదీయండి. వేలితో నొక్కి సున్నాలు చుడుతున్నట్టు తిప్పితే తెలుపు సమంగా వస్తుంది. ముందుకీ వెనక్కీ రుద్దితే ఒక అంచు ఎక్కువ అరిగి ఏటవాలు అవుతుంది, అట్లాంటి గింజ పందెం చెడగొడుతుంది.

ఎంత అరగాలన్నదే అసలు విషయం. పైపొర పోయి తెల్లచుక్క కనపడగానే ఆపితే గింజ ఇంకా గుండ్రంగానే ఉండి పక్కకి ఒరిగి నిలబడుతుంది, తెలుపో నలుపో తేలక పిల్లలు కొట్లాడుకుంటారు. సరిగ్గా సగం మందం దాకా పోవాలి. తొందరపడి వేయించి పగలగొడితే పెంకు ఊడిపోయి రెండు వైపులా తెలుపే మిగులుతుంది. తడి మాత్రం తగలనివ్వొద్దు. లోపలి పప్పులో జిగురుంటుంది, నేత నూలుకి గంజి పెట్టడానికి వాడేది ఆ పిండే. తడిస్తే ఉబ్బి వంకర తిరుగుతుంది. అరగదీసినదానికి పురుగు తొందరగా పడుతుంది గనక నెలకోసారి ఎండలో వేసి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. గురివింద గింజలు గళ్లలో నడిపే కాయలుగా కూడా వాడొద్దు, పగిలిన గింజ కడుపులోకి పోతే విషం.

పలకా బలపం:
పటానికి మార్కాపురం పలక రాయి కంటే మంచిది లేదు. అడుగు చదరం ముక్క తీసుకుని అంచు చుట్టూ అంగుళం వదిలితే, అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్లు రెండేసి అంగుళాలు సరిగ్గా సరిపోతాయి. అంతకంటే చిన్న గడి పెట్టొద్దు. గుణకారం గుర్తున్న గడిలో ఎదుటివాళ్ల కాయని చంపడం లేదు కాబట్టి కాయలన్నీ అక్కడే చేరతాయి. స్టీలు స్కేలు బిగించి పట్టుకుని మేకుతో మూడు నాలుగు సార్లు తేలిగ్గా గీయండి. ఒకేసారి లోతుగా నొక్కితే రాయి పొరలుగా లేచిపోతుంది. అంచులు సాండ్ పేపర్‌తో రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. నల్లరాయి మీద చింతగింజ కాయలు కనపడవు, గాజుముక్కలు, శంఖంపూల గింజలు వద్దు. తెల్ల గులకరాళ్లు, ఎర్ర ఇటుక పెంకులు, చీపురుపుల్ల ముక్కలు, పసుపుకొమ్ము ముక్కలు పెట్టండి.

పెన్నా ఒడ్డు:
వీపులు చూశాను, అన్నీ కోసినవే! పలక రాయి దొరక్కపోతే చీమకుర్తి గ్రానైట్ ముక్క పనికొస్తుందా? కాయ లోపలి వరసలోకి ఎటు తిరగాలో కూడా చెప్పండి, పిల్లలు తలా ఒక మాట అంటున్నారు.

గుండ్లకమ్మ:
గ్రానైట్ గట్టిదే గానీ మేకుతో గీత పడదు, పాలిష్ మీద సుద్ద నిలవదు. పాలిష్ లేని వెనకవైపు తిప్పి పెయింటుతో గీసుకోండి. గవ్వలు మాత్రం దాని మీద కాకుండా పక్కన వేయాలి.

దారి ఇది. బయటి వరసలో 16 గళ్లు. మన ఇంట్లోంచి (మన వైపు బయటి వరసలో మధ్య గడి) కుడిచేతి వైపు బయల్దేరి చుట్టూ 15 గళ్లు నడిస్తే మన ఇంటికి ఎడమపక్క గడికి వస్తాం. అక్కడినుంచి నేరుగా ఎదుటి లోపలి గడిలోకి ఎక్కి, ఈసారి గడియారం ముల్లు తిరిగేవైపు 8 గళ్లు. ఆ తర్వాత నడిమి గడి. మొత్తం 24 అడుగులు. నడిమి గడికి ఎన్ని అడుగులు ఉంటే సరిగ్గా అంతే పందెం పడాలి, అప్పుడే కాయ పండినట్టు.

ఒక్క కాయనన్నా చంపితే గానీ లోపలికి పోకూడదనే నియమం చాలా ఇళ్లలో ఉంది, కొన్ని ఇళ్లలో లేదు. కాయ ఆటలోకి దిగడానికి అష్టాయో చెమ్మాయో కావాలా, ఒకటి పడినా చాలా అన్నది కూడా అంతే. పెద్ద పందెమే కావాలంటే ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఎదురుచూసి విసుగుపడతారు, వాళ్లకి ఒకటికే దింపనివ్వండి. చంపితేనే లోపలికి అన్నది మాత్రం ఉంచండి, అది తీసేస్తే అందరూ ఎవరి దారిన వాళ్లు నడుస్తారు. ఏదైనా మొదటి పందెం వేయకముందే ఖాయం చేసుకోవాలి.